శుక్రవారం దాకా పడుగు వద్దు

పామర్రు,
1943 నవంబరు 24, బుధవారం.

ఒరే చంటీ,

చిరంజీవి సాంబమూర్తిని అమ్మ దీవించి రాయునది అని మొదలుపెట్టాలి. ఇక్కడ అందరం క్షేమం అని రెండో ముక్క రాయాలి. ఆ రెండూ ఈ చేత్తో రాయలేను. నిన్ను ఉయ్యాల్లో పిలిచిన పేరు ఒక్కటే కోపం అంటకుండా మిగిలింది. అందుకని అదే రాశాను.

నీ తమ్ముడు లింగడు పోయి ఇవాళ్టికి ఇరవై రోజులు. పదకొండో రోజుకైనా వస్తావని నాన్న రెండు పూటలా బస్సు దగ్గరికి వెళ్ళి నిలబడ్డాడు. సెలవు దొరకలేదని నీ కార్డు వచ్చింది. ఆయన దాన్ని మడిచి చొక్కాలో పెట్టుకుని, మగ్గం గుంటలో కాళ్ళు దించుకుని కూర్చున్నాడు. పేక నేసే నాడె ముట్టుకోలేదు. ఈ రోజుకీ అలాగే కూర్చుంటున్నాడు.

ఎలా పోయాడో నీకు సరిగా ఎవరూ రాయలేదు. నేను రాస్తాను, చదువు. బందరు అవతల సముద్రం ఒడ్డున పాలెంలో పెళ్ళి ఉందని, నేత చీరలు కావాలని కబురు పెట్టారు. లింగడు మూట ఎత్తుకుని వెళ్ళాడు. గురువారం పొద్దున గాలి లేచింది. ఇక్కడ మన వీధిలోనే పది ఇళ్ళ కప్పులు ఎగిరిపోయాయి. అక్కడ సముద్రమే లేచి పాలెంలోకి వచ్చిందట. ఆదివారం మడచెట్ల మధ్య దొరికాడు. మొహం చూసి గుర్తుపట్టలేదు చంటీ. మూట తాడు నడుముకి కట్టుకుని ఉన్నాడు. మూటకి చుట్టిన చీర అంచులో మూడు ఎర్రపోగులు, పక్కన ఒక పచ్చపోగు. ఆ అంచు మన మగ్గం తప్ప ఇంకోటి వేయదు. నా నేత చూసి నా కొడుకని ఒప్పుకున్నాను.

ఇది అయ్యాక మన పక్కింటి మణెమ్మ అల్లుడు మాణిక్యం పలకరించడానికి వచ్చాడు. రేవులో గుమస్తా కదా. అరుగు మీద కూర్చుని గొంతు తగ్గించి చెప్పాడు. "పెద్దవాళ్ళకి ముందే తెలుసు పిన్నిగారూ. సోమవారం నాటికే తెలుసు. గాలి ఎటు వీస్తుందో చెబితే జపానువాడు వింటాడని నోళ్ళు కట్టేశారు."

జపానువాడు వింటాడని నా కొడుక్కి చెప్పలేదట.

నువ్వు ఉండేది కూడా అలాంటి ఆఫీసే కదరా. కొండ మీద కూర్చుని గాలి సంగతులన్నీ చూస్తామని నువ్వే చెప్పావు. రెండేళ్ళ కిందట తెల్లపొడి పొట్లం పంపి, సీమ నుంచి గాలిని పరీక్షించే కాగితాలు రావడం ఆగిపోయింది, నీ గంజి అయితే సరిపోతుందమ్మా అని రాశావు. సన్నగుడ్డ పేలికలు చేసి, నీ పొడి కలిపిన గంజిలో ముంచి, నీడన ఆరబెట్టి, రోజుకొకటి చూరు కింద కట్టాను. మర్నాడు తడిపితే నీలం తిరిగేది. గాలిలో ఓజోను అనే వాయువు తగిలి అలా తిరుగుతుందన్నావు. నాకు అంకెలు వేయడం రాదు కాబట్టి ప్రతి పేలికకీ ఆ రంగుకి సరిపడ్డ నూలుపోగు ముడివేసి పంపాను. ఆకాశం నీలం మొదలు కాకిరెక్క నలుపు దాకా పదిహేడు నీలాలు పోగుచేశాను. నీ సీమ పటంలో పదే ఉన్నాయని నవ్వుతూ రాశావు, గుర్తుందా?

కంటికి కనపడని వాయువుని కొలిచేవాడివి, సముద్రం మీద అంత గాలి నీకు కనపడలేదా? నేను అడిగేది ఒకటే మాట. నీకు ముందే తెలుసా? తెలుసో తెలీదో రాయి. తెలుసు అనేటట్టయితే ఈ గడప తొక్కొద్దు.

మిగిలిన పొడి ఇందులో పెట్టి తిప్పి పంపుతున్నాను. నా గంజి ఇకనుంచి నూలుకే.

నిన్ను కన్నందుకు ఏమనుకోవాలో తెలియని
నాగమల్లేశ్వరి


కొండ మీద నుంచి,
1943 డిసెంబరు 2.

ప్రియమైన అమ్మకు,

సాంబడు నీ కాళ్ళకి మొక్కి రాస్తున్నాడు. నీ ఉత్తరం చదివి రెండు రోజులు ఆఫీసుకి వెళ్ళలేదు. లింగడు చిన్నప్పుడు నేను బడికి పోతుంటే నా పలక పట్టుకుని కాలువ వంతెన దాకా వచ్చేవాడు. అక్కడ పలక ఇవ్వనని పేచీ పెట్టేవాడు. ఆ పేచీ చెవిలో వినపడుతూనే ఉంది.

నువ్వడిగిన మాటకి ఈ కాగితం మీద జవాబు రాయలేను. కోపగించుకోకు. ఈ కవరు మూతి నీకంటే ముందు వేరేవాళ్ళు విప్పుతారు. నా పని గురించి మటుకు రాయవచ్చు, అదే రాస్తాను.

ఇక్కడ మన పడుగు కర్రంత పొడుగున ఒక పెట్టె ఉంది. ఎండని లోపలికి తీసుకుని రెండు వెలుగులుగా విడదీసి, ఒకదానితో ఒకటి పోలుస్తుంది. ఓజోను ఎక్కువుంటే ఒక వెలుగు తగ్గుతుంది. పదిహేను ఇరవై మైళ్ళ ఎత్తున పరుచుకున్న ఆ వాయువునంతా నేలకి దించి పరిస్తే మన ముతక దుప్పటి మడతంత మందం కూడా ఉండదు. అంత పలుచటిది అడ్డు లేకపోతే ఎండకి మన కళ్ళూ, పైరూ మిగలవు. చలిదేశాల్లో వాతావరణం మారేముందు అది పెరగడం, తగ్గడం కనిపెట్టారు. మన వేడిదేశంలో ఎందుకో అంతగా కదలదు. ఎందుకు కదలదో తెలిస్తే గాలి సంగతి ఇంకాస్త తెలుస్తుందని నా ఆశ.

నీ పేలికల మీద మా ఆఫీసు పెద్దాయన ఒక మాట అన్నారు, దాచకుండా రాస్తున్నాను. గాలిలో చెమ్మ ఎక్కువైనా పేలిక నల్లబడుతుందట. మన డెల్టాలో అది కొలిచేది ఓజోను కంటే చెమ్మనేనేమో అన్నారు. అందుకని వాటిని లెక్కలోకి తీసుకోలేదు. అయినా నువ్వు పంపిన పోగులన్నీ నా బల్ల సొరుగులోనే ఉన్నాయి.

అమ్మా, నాది కూడా ఒక ప్రశ్న. ఆ గాలికి ముందు మంగళవారం మన ఇంటికి ఏమైనా వచ్చిందా? ఇంతకంటే విప్పి అడగలేను. వచ్చిందో రాలేదో ఒక్క మాట రాయి.

నీ కొడుకు
సాంబమూర్తి


పామర్రు,
1943 డిసెంబరు 14.

సాంబమూర్తికి,

నేను ఒక్క మాట అడిగితే నువ్వు ఆకాశం దుప్పటి గురించి రాశావు. బాగుంది. దుప్పటి నాయనా, మా పైన ఉన్న కప్పే పోయింది. నీ తమ్ముడి మీద కప్పింది మూరన్నర గుడ్డ, పెట్టెలోంచి నేనే తీశాను. నీ ఓజోను వచ్చి కప్పలేదు.

నీ ఉత్తరం అందిన మర్నాడే బయల్దేరాను. నాన్నతో చెప్పలేదు. పెట్రోలు లేక బొగ్గుతో నడిపే బస్సు ఉయ్యూరు దగ్గర ఆగిపోతే దిగి అందరితో పాటు తోశాను. బెజవాడ స్టేషనుకి వెళ్ళి మదరాసు బండికి టిక్కెట్టు అడిగాను. సోల్జర్లకే చోటు చాలడం లేదమ్మా, మీకంత అవసరం ఏమొచ్చింది అన్నాడు కిటికీలో ఆయన. నా పెద్దకొడుకు చెంప పగలగొట్టాలి అన్నాను. ఆయన నవ్వలేదు. "అలా నీడకి కూర్చోండమ్మా, సాయంత్రం బండికి చూస్తాను" అన్నాడు.

కూర్చున్నాను. పటాలం బండి ఒకటి వచ్చి ఆగింది. లింగడి ఈడు పిల్లలు దిగి రొట్టెలు తింటున్నారు. ఒకడు అచ్చం వాడిలాగే నోటి నిండా కుక్కుకుని నవ్వుతున్నాడు. సాయంత్రానికి ఆ కిటికీ ఆయన నిజంగానే పిలిచాడు, టిక్కెట్టు ఉందని. నేను లేచి రేపల్లె వైపో బందరు వైపో తెలియని జనంలో పడి బయటికి నడిచాను. కొండ ఎక్కేలోపు కోపం చల్లారిపోతుందేమోనని భయం వేసింది. అది చల్లారితే ఇంక నా దగ్గర ఏముంది?

ఇంటికి వస్తే నాన్న అన్నం వండి కూర్చున్నాడు. ముప్పై ఏళ్ళ కాపురంలో మొదటిసారి. మాడిపోయింది. ఇద్దరం తిన్నాం. 

వీధి ఎలా ఉందో రాస్తాను. మళ్ళీ వీధి పొడుగునా పడుగు నూలు సాగదీసి గంజి పెడుతున్నారు, మనం తప్ప. తంతి బంట్రోతు బసవయ్య మన వీధిలోకి రావడం మానుకున్నాడు. ఎదురుపడితే సైకిలు పక్కసందులోకి తిప్పేస్తాడు. మణెమ్మ రోజూ వచ్చి పక్కన కూర్చుంటుంది. బియ్యం ఏరి పెట్టి పోతుంది.

మంగళవారం ఏమొచ్చిందని అడుగుతున్నావు. ఏమొస్తుంది? పొద్దున సూర్యుడొచ్చాడు, సాయంత్రం పోయాడు. నా ప్రశ్నకి బదులు ప్రశ్న వేస్తే తప్పించుకోవచ్చనుకున్నావా? తెలుసా, తెలీదా? అది రాసేదాకా ఇంక నాకు ఉత్తరం రాయకు.

నాగమల్లేశ్వరి


కొండ మీద నుంచి,
1944 జనవరి 20.

ప్రియమైన అమ్మకు,

ఈ ఉత్తరం టపాలో రాదు. బెజవాడ రైల్వేలో పనిచేసే తిరుపతిరావు, నాతో చదువుకున్నవాడు, చేత్తో తెచ్చి ఇస్తాడు. అందుకని ఇందులో అంతా రాస్తున్నాను.

తెలుసు అమ్మా.

ఆదివారం సాయంత్రమే తెలుసు. మా ఆఫీసుకి సముద్రం మీద నుంచీ, రేవుల నుంచీ గుర్తుల భాషలో తంతులు వస్తాయి. వాటిని విప్పే పని ఆ వారం నాది. సోమవారానికి అది మన ఒడ్డు వైపే వస్తోందని పటం మీద గీసింది నేనే. యుద్ధం మొదలయ్యాక గాలి గురించి బయట ఒక్క మాట అనకూడదని మా అందరి చేతా సంతకం చేయించారు. అంటే జైలు. మా పెద్దాయన దగ్గరికి వెళ్ళి మావాళ్ళు అక్కడున్నారండీ అన్నాను. అందరి వాళ్ళూ ఎక్కడో ఒకచోట ఉన్నారోయ్ అన్నారాయన. ఆయన కూతురు నర్సాపురంలో ఉంది. ఆమెకీ చెప్పలేదు.

నేను సోమవారం సాయంత్రం బజారు తంతి ఆఫీసుకి నడిచాను. గాలి, వాన అనే మాటలుంటే అక్కడే ఆపేస్తారు. ఫారం తీసుకుని ఇలా రాశాను: శుక్రవారం దాకా వీధిలో పడుగు వేయవద్దు, సాంబడు. గుమస్తా ఇదేమిటన్నాడు. మాది నేతపని, కొత్తరకం నూలు వస్తోంది, దానికోసం ఆగమంటున్నానని అబద్ధం చెప్పాను.

పడుగు లేని రోజున మన వీధి ఎలా ఉంటుందో నాకు తెలుసు కదా. నాన్న నిద్రపోతాడు. లింగడు అరుగు మీద పులిజూదం ఆడతాడు. నువ్వు కండెలు చుడతావు. పడుగు వద్దంటే ముగ్గురూ ఇంట్లోనే ఉంటారని లెక్క వేసుకున్నాను. ఆ లెక్క పట్టుకుని శుక్రవారం దాకా ఊపిరి పీల్చాను.

నీ రెండు ఉత్తరాల్లోనూ ఆ తంతి మాట లేదు. అడిగినా చెప్పలేదు. అంటే అది మీకు చేరలేదు. బసవయ్య నిన్ను చూసి మొహం చాటేస్తున్నాడంటే ఎందుకో ఇప్పుడు అర్థమైంది. వానకి బద్ధకించో, ఎక్కడో పారేసుకునో ఇవ్వలేదు. వాడు ఇచ్చి ఉంటే లింగడు గడప దాటేవాడు కాదు.

మదరాసులో పై అధికారులకి ఫిర్యాదు రాశాను. తంతి ఇచ్చిన రోజు, గంట, రసీదు నెంబరు అన్నీ వేశాను. అందులో ఏం దాచి పంపానో కూడా ఒప్పుకున్నాను, లేకపోతే ఫిర్యాదు నిలవదు. వాడి ఉద్యోగం పోతుంది, నన్ను తీసుకుపోతారు. పోనీ. ఫిబ్రవరి అయిదున టపాలో వేస్తాను. ఓజోను పని పెద్దాయనకి అప్పగించేస్తున్నాను. తమ్ముడిని కాపాడలేని లెక్కలు ఎవరు వేస్తే ఏం.

గడప తొక్కొద్దన్నావు. తొక్కను.

సాంబడు


పామర్రు,
1944 జనవరి 29, శనివారం.

ఒరే చంటీ,

తంతి వచ్చింది.

ఫిర్యాదు చింపెయ్యి. ముందు చింపి, తర్వాత మిగతాది చదువు.

మంగళవారం పొద్దున పది గంటలకి బసవయ్య సైకిలు మన గుమ్మం ముందు ఆగింది. తంతి అనగానే వీధంతా వచ్చేసింది. నువ్వే పోయావనుకుని నేను గడప మీద కూలబడ్డాను. మణెమ్మ అప్పుడే ఏడుపు అందుకుంది. పోస్టుమాస్టరు ఇంగ్లీషు కింద తెలుగులో రాసి పంపాడు. లింగడు లాక్కుని చదివి పడీ పడీ నవ్వాడు. "కొండెక్కినా అన్నయ్యకి మన పడుగు మీదే కన్ను నాన్నా. వైరు కొట్టి మరీ నాకు సెలవిప్పించాడు" అన్నాడు. వీధంతా నవ్వింది. మీ నాన్న కూడా నవ్వాడు. వానొస్తుందేమోలే, గంజి తడిస్తే పడుగు పాడైపోతుందని ముందు చెప్పాడు అన్నాడు. మేం వానే అనుకున్నాం రా. పడుగు వద్దంటే నేతవాడికి వానే. ఇంకేం అనుకుంటాడు?

నీ లెక్కలో ఒకటి తప్పింది. పడుగు లేని రోజున లింగడు అరుగు మీద పులిజూదం ఆడేది నువ్వున్నప్పుడు. నువ్వెళ్ళి ఏడేళ్ళయింది. నూలు కంట్రోలు వచ్చాక పడుగు లేని రోజంటే వాడు మూట ఎత్తుకుని తిరిగే రోజు. అది నేను పెట్టిన పద్ధతి. నీకెవరూ రాయలేదు, రాసేంత సంగతి కాదనుకున్నాం.

వాడికి ఆ రోజు వెళ్ళడం ఇష్టం లేదు. "నాలుగు రోజులు పడుకుంటానే అమ్మా, అన్నయ్య ఇప్పించిన సెలవు" అన్నాడు. నేను మూట కట్టి వాడి నెత్తిన పెట్టాను. నేను అన్న మాట ఇదీ, అక్షరం మార్చకుండా రాస్తున్నాను. "నువ్వు పడుకుంటే చీరలు వాటంతటవే నడిచి పాలెం పోతాయా? శుక్రవారానికల్లా వచ్చెయ్యి, పడుగు వెయ్యాలి."

ఈ మాట ఇంతవరకు ఎవరికీ చెప్పలేదు. మీ నాన్న విన్నాడు, మగ్గంలోనే ఉన్నాడు. ఇన్నాళ్ళలో ఒక్కసారి కూడా ఎత్తలేదు. ఎత్తి నన్ను తిట్టి ఉంటే నీకు ఇన్ని తిట్లు రాసేదాన్ని కాదేమో.

బసవయ్య ఏ పాపమూ ఎరగడు. పదకొండో రోజున వచ్చి, అమ్మా ఆ తంతి నేను తేకపోయినా బాగుండేదని ఏడ్చాడు. నేను వాడి చెయ్యి పట్టుకుని, ఆ తంతి మాట ఈ వీధిలో మళ్ళీ ఎత్తితే నా మీద ఒట్టన్నాను. అందుకని మొహం చాటేస్తున్నాడు. వాడికి నలుగురు ఆడపిల్లలు. నా తప్పుకి వాడి కూడు తీస్తావా?

ఇంకొకటి కూడా చెప్పేస్తాను. ఆ సోమవారం కట్టిన పేలిక మంగళవారం తడిపి చూశాను. కాకిరెక్క నలుపు. పదిహేడో పోగు, నీకు పంపనిది. రెండేళ్ళలో ఎప్పుడూ అంత నల్లబడలేదు. నేనేమనుకున్నానో తెలుసా? గంజి చిక్కనైంది అనుకున్నాను. ఈ వీధిలో నా అంత బాగా గంజి కాచేవాళ్ళు లేరని గర్వం కదా, రంగు చెడితే నా గంజి మీదకే పోయింది బుద్ధి. ఇంకోసారి పలుచగా కాయాలి అనుకుని దాన్ని పెట్టెలో పడేశాను. అది చెమ్మకి నల్లబడుతుందని నీ పెద్దాయన కనిపెట్టి పనికిరాదన్నాడు. ఆ పనికిరాని సంగతి ముందే నా చెవిన వేసి ఉంటే బాగుండేది.

ఇదంతా చదివి నీ మీద కోపం పోయిందనుకోకు. ఎక్కడికీ పోలేదు. గాలి అనే ఒక్క మాట ఆ ఫారం మీద రాసి, ఆ గుమస్తాతో పోట్లాడి జైలుకి పోయి ఉంటే నాకు ఇవాళ ఇద్దరు కొడుకులుండేవాళ్ళు. ఒకడు జైల్లో, ఒకడు మగ్గం మీద. జైలు కూడు తినే కొడుకుని చూడ్డానికి నడిచి వచ్చేదాన్ని. నీకూ నాకూ ఆ రోజు తెలివి ఎక్కువైంది. నువ్వు తెలివిగా రాశావు, నేను తెలివిగా చదివాను. మనిద్దరి తెలివికీ మధ్య వాడు పోయాడు. నీ చేత సంతకం పెట్టించినవాళ్ళ మీద కోపం వేరే ఉంది. దానికి ఉత్తరం ఎక్కడికి రాయాలో తెలీక నీకు రాశాను.

ఆ పాలెంలో నూట ముప్పై మంది పోయారట. పెళ్ళికూతురు కూడా. వాళ్ళ ఇళ్ళకి తంతి రాలేదు. పడుగు అని కూడా ఎవరూ చెప్పలేదు.

నీ పని మానొద్దు. మానితే చెంప పగలగొట్టడానికి ఈసారి నిజంగానే బండెక్కుతాను. ఆ దుప్పటి ఎందుకు కదలదో నువ్వు తెలుసుకో. నాకు మటుకు ఆ పొడి మళ్ళీ పంపు. నీ పెద్దాయనకి ఓజోను కావాలి, నాకు చెమ్మ చాలు. రోజూ చూరుకి పేలిక కడతాను. పదిహేడో పోగు రంగు తిరిగిన రోజున మాణిక్యం చేత పాలేలన్నిటికీ కబురు పెడతాను, గుడ్డ నల్లబడింది, ఊరు ఖాళీ చెయ్యండి అని. పదిసార్లు తప్పయినా సరే, పిచ్చిదని నవ్వినా సరే. బసవయ్యని అడిగాను, సైకిలు మీద తనూ వెళ్తానన్నాడు. నేను ఏ కాగితం మీదా సంతకం పెట్టలేదు కదా. నా గుడ్డ రంగు నేను చెప్పుకుంటే ఏ జపానువాడు వింటాడో చూస్తాను.

ఆ మంగళవారం పేలిక ఈ ఉత్తరంలో పెట్టాను. దానికి కట్టిన పోగు లింగడు అద్దకం వేసిన నూలు. నీ సొరుగులో మిగతావాటి పక్కన పెట్టుకో. లెక్కలోకి తీసుకోకపోతే మానెయ్యమను.

తెలుసు అంటే గడప తొక్కొద్దని రాశాను. ఆ లెక్కన ముందు నేను బయటికి నడవాలి. సెలవు ఎప్పుడిస్తే అప్పుడు రా. నాన్న మగ్గంలో ఒక్కడే ఉంటున్నాడు. రెండో మగ్గం గుంటలో ఎవరో ఒకరు కాళ్ళు దించాలి.

నీ
అమ్మ

ఈ ఉత్తరం తిరుపతిరావు చేతికే ఇస్తున్నాను. కిందటిసారి నిన్ను చూసి, ఎముకలు లెక్కపెట్టొచ్చు అన్నాడు. ఎండ రాకముందే పెట్టె దగ్గరికి పరుగెత్తకు. పొద్దున ఏదైనా కడుపులో వేసుకుని వెళ్ళు. రాత్రికి వేడన్నం, కాస్త పెరుగు, నిండుగా తిను.